నెలల పాపను క్రెష్‌లో వదలాలి, ఏమేం చూసుకోవాలి?

కొండాపూర్_అమ్మ:
పాపకు అయిదు నెలలు నిండాయి. 26 వారాల లీవు ఇంకో రెండు వారాల్లో అయిపోతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అత్తయ్యేమో మామయ్యను ఊళ్లో వదిలి రాలేరు. రెండు క్రెష్‌లు చూసొచ్చాం. బొమ్మలు, గోడల మీద రంగులు చూపించారు గానీ రోజంతా పాపను ఎవరు ఎత్తుకుంటారో సరిగ్గా చెప్పలేదు. పైగా తను సీసా నోట పెట్టనివ్వదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మియాపూర్_అక్క:
కంగారు పడకమ్మా, మావాడూ సీసా పట్టలేదు. ఉగ్గుగిన్నెతో అలవాటు చేశాం. మొదటి రెండు రోజులు నేనే క్రెష్‌లో కూర్చుని ఆయమ్మకు చూపించాను. ఒళ్లో కాస్త నిటారుగా పట్టుకుని, గిన్నె ముక్కు కింది పెదవికి ఆనించి, వాడు నాలుకతో అందుకునేదాకా ఆగాలి. గబగబా పోస్తే పొలమారుతుంది.

పిండిన పాలు ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. బయటైతే 25 డిగ్రీల లోపు 4 గంటలు. మన ఎండల్లో ఆ లెక్క నమ్ముకోకు, ఐస్ ప్యాక్ పెట్టిన సంచిలోనే పంపు. వేడి నీళ్లలో నిలబెట్టి వెచ్చబెట్టమను, మైక్రోవేవ్ వద్దు. తాగగా మిగిలినవి 2 గంటలు దాటితే పారబోయాల్సిందే. ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే నేను 60 మి.లీ. చొప్పున చిన్న సీసాల్లో, పేరూ తేదీ టైమూ రాసి పంపేదాన్ని.

బెజవాడ_ఆయమ్మ:
తొమ్మిదేళ్లుగా నెలల పిల్లల గదిలోనే పని చేస్తున్నానమ్మా. నా చేతిలో ముగ్గురు పిల్లలుంటారు. ముగ్గురూ ఒక్కసారే ఏడిస్తే ఎవరిది ఆకలో, ఎవరిది నిద్రో గొంతును బట్టి తెలిసిపోతుంది. అలా తెలియడానికి నాలుగైదు వారాలు పడుతుంది. ఈలోగా మీరు చెప్పేదే మాకు ఆధారం. ఒక తల్లి చీటీ మీద రాసిచ్చింది, ‘ఎడమ చెవి పట్టుకుని లాక్కుంటే నిద్రొస్తున్నట్టు’ అని. ఆ ఒక్క ముక్క నాకెంత సాయమైందో!

మీ పాత నూలు చీర ముక్క ఒకటి ఇవ్వండి. పాలు పట్టేటప్పుడు భుజాన వేసుకుంటాను, ఆ వాసనకు పిల్లలు కుదుటపడతారు. పడుకునే చోట మాత్రం గుడ్డలు, దిండ్లు పెట్టనివ్వకండి. వెల్లకిలానే పడుకోబెట్టాలి. తేన్పు వచ్చాకే దించాలి.

ఉప్పల్_నాన్న:
మేం మొదట వేసిన చోట మూడు నెలలకే మానిపించాం. సాయంత్రం తెచ్చుకునేసరికి డైపర్ బరువెక్కి వేలాడేది. తొడల మడతలు ఎర్రగా కందిపోయేవి. పొద్దున పెట్టిన అయిదు డైపర్లలో నాలుగు సంచిలోనే ఉండేవి. అడిగితే ‘ఇప్పుడే మార్చామండీ’ అనేవారు. తర్వాత తెలిసింది, అక్కడ ఆయమ్మలు వారం వారం మారిపోతున్నారని. కాబట్టి మొదట అడగాల్సింది ఇదే: పాపను చూసే మనిషి ఎవరు, ఎన్నాళ్లుగా ఉన్నారు?

ఇప్పుడున్న చోట నోటుబుక్ రాస్తారు. ‘10:40 పాలు 70 మి.లీ. 11:15 డైపర్. 11:30 నుంచి 12:50 నిద్ర.’ సీసీ కెమెరా కన్నా ఆ పుస్తకమే నాకు ధైర్యం. చేరే ముందు ఓ మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లి చూడండి.

గచ్చిబౌలి_హెచ్ఆర్:
మీ ఆఫీసులో 50 మంది, అంతకు మించి ఉంటే క్రెష్ సదుపాయం ఇవ్వాలి, రోజుకు 4 సార్లు వెళ్లి బిడ్డను చూసిరానివ్వాలి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన రూలు ఇది. మొహమాటపడకుండా మెయిల్ పెట్టండి.

కొండాపూర్_అమ్మ:
అందరికీ థాంక్స్ అండీ. మెయిల్ పెట్టాను, ఆఫీసుకు దగ్గర్లోని క్రెష్‌తో మాట్లాడి ఇచ్చారు. అక్కడి ఆయమ్మ ఆరేళ్లుగా ఉన్నారు. మొదటి రెండు రోజులు పాప గుక్కపట్టి ఏడ్చింది, నేనూ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇవాళ మధ్యాహ్నం వెళ్లేసరికి ఆయమ్మ భుజాన నా చీర ముక్క, ఉగ్గుగిన్నెలో అడుగున కాసిని పాలు. 45 మి.లీ. తాగిందట! నన్ను చూసి నవ్వి, మళ్లీ గిన్నె వైపే తిరిగింది.

వచ్చే వారం ఆరు నెలలు నిండుతాయి. అన్నప్రాశన అయ్యాక క్రెష్‌కు ఉగ్గు ఎలా పంపేవారు? ఇంట్లో వండి పంపాలా, అక్కడే కలపమనాలా?