ఫాతిమాకి నాణెం ఉంది, గుణదలకి ఎందుకు లేదు?

కొండమెట్లు: వాటికన్ 2017లో వేసిన రెండు యూరోల నాణెం ఇవాళే చేతికొచ్చింది. గొర్రెలు కాసుకునే ముగ్గురు పిల్లలు, వెనక ఫాతిమా చర్చి. 1917లో పోర్చుగల్‌లో మరియమాత వాళ్లకి కనబడిందంటారు, దానికి నూరేళ్లయిన సందర్భంగా వేశారు. మన ప్రభుత్వం కూడా 2012లో వైష్ణోదేవి బొమ్మతో ఐదు, పది రూపాయల బిళ్లలు వేసింది. 1924లో ఫాదర్ అర్లాటి మరియమాత విగ్రహం పెట్టిన విజయవాడ గుణదల కొండకీ వందేళ్లు దాటాయి, ఒక్క బిళ్ల వేస్తే ఏం పోతుంది?

పాతబిళ్ల: వాటికన్ మతం మీదే నిలబడ్డ దేశం, మనది కాదు. అయినా 2009లో కేరళ క్రైస్తవ సన్యాసిని సెయింట్ అల్ఫోన్సమ్మకి ఐదు రూపాయల బిళ్ల వేశారుగా.

కొండమెట్లు: ఆవిడ మనిషి. నేనడిగింది క్షేత్రం.

దమ్మిడీ: వాటికన్ దాన్ని అట్టలో పెట్టి రెండు యూరోలకి ఎన్నో రెట్లు ఎక్కువకి అమ్ముతుంది. అది డబ్బా, సావనీరా?

కొండమెట్లు: అమ్మకం సంగతి తర్వాత. 2010లో తంజావూరు పెద్దగుడికి వేసినప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు?

పాతబిళ్ల: అప్పుడూ ఉంది. ఆ దేవుళ్ల బిళ్లల్ని వెనక్కి తీసుకోమన్న పిటిషన్‌ని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, తెలుసు, కానీ కోర్టు సరేనన్నంత మాత్రాన మంచి పనైపోదు. మా అమ్మ వైష్ణోదేవి పది బిళ్ల ఇస్తే కిరాణా కొట్టతను అటూ ఇటూ తిప్పి చూసి "ఇది చెల్లదమ్మా" అని తిరిగి చేతిలో పెట్టాడు. పది రూపాయల బిళ్లలు పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు చెప్పినా వినేవాడేడీ? రకానికో బొమ్మ వేస్తే జరిగేది ఇదే.

సిరి: కొట్టువాడి తప్పుకి అమ్మవారేం చేస్తుంది 🙂

కొండమెట్లు: అసలు సంగతి చెప్తా వినండి. "మీది పరాయి దేవుడు" అనే మాట చిన్నప్పట్నుంచీ పడుతున్నాను. ఫిబ్రవరి తిరునాళ్లకి గుణదల కొండకి రండి, గుండు చేయించుకుని కొబ్బరికాయ కొట్టే హిందువులు ఎంతమంది కనిపిస్తారో! మూడు సింహాల బిళ్ల మీద ఆ కొండ ఉంటే ఆ మాట అనేవాడు కాస్త తడుముకుంటాడు.

పాతబిళ్ల: అలా చెప్పండి మరి! మీక్కావాల్సింది బిళ్ల కాదు, సర్కారు ముద్ర. ఏ దేవుడు మనవాడో, ఎవరు పరాయివాడో తేల్చే పని ఢిల్లీలో ఫైళ్లు చూసేవాళ్లకి అప్పజెప్పడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

కొండమెట్లు: ఆ పని వాళ్లు ఎప్పుడో మొదలుపెట్టారు. అప్పుడు నోరు మెదపనివాళ్లు నేనడిగేసరికే రాజ్యాంగం తెరుస్తారేం?

పాతబిళ్ల: నేను మెదపలేదని మీకెవరు చెప్పారు?