ప్రసంగం ముందే రాసుకుంటే ఆత్మ నడిపింపుకు అడ్డమా?

కొత్త ప్రసంగీకుడు:
అందరికీ వందనాలు. ఇంకో మూడు వారాల్లో యవ్వనస్థుల కూటంలో వాక్యం చెప్పమన్నారు, ఇదే నా మొదటిసారి. మార్కు 4:35-41 తీసుకున్నాను, ప్రభువు తుఫానును అణచిన భాగం. నాలుగు పేజీలు రాసుకున్నాను. మా సంఘంలో ఒక పెద్దాయన అది చూసి, "కాగితం పట్టుకుని నిలబడితే పరిశుద్ధాత్మకు చోటెక్కడ బాబూ?" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ అప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది. రాసుకోవడం అవిశ్వాసమా?

ప్రార్థనా యోధుడు:
పెద్దాయన మాట తీసేయకండి బ్రదర్. మత్తయి 10:19లో ప్రభువు, "ఏలాగు మాటాడుదుము? ఏమి చెప్పుదుము? అని చింతింపకుడి" అన్నాడు. పరిశుద్ధాత్మ శిష్యుల మీదికి దిగివచ్చిన పెంతెకొస్తు దినాన ప్రసంగించిన పేతురు చేతిలో కాగితం లేదు, అయినా ఆ రోజు మూడు వేల మంది సంఘంలో చేర్చబడ్డారు. నేను ఇరవై ఏళ్లుగా వాక్యం చెబుతున్నాను. రాసుకొచ్చి చదివేవాళ్లను చాలామందిని చూశాను, తల ఎత్తరు. ముందు వరుసలో ఒక తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది, ఈయన మాత్రం మూడో పాయింట్ చదువుకుంటూ పోతాడు. మోకాళ్ల మీద ఎక్కువసేపు గడపండి, పెన్ను తర్వాత.

వాక్య విద్యార్థి:
అన్నా, మీ ప్రార్థనా జీవితం మీద నాకు గౌరవం ఉంది. కానీ మత్తయి 10 ఆదివారం ఆరాధన గురించి చెప్పింది కాదు. దాని పై వచనం చూడండి, శిష్యులను అధిపతుల దగ్గరికీ రాజుల దగ్గరికీ ఈడ్చుకుపోతారని ఉంది. ముందస్తు కబురు లేకుండా పట్టుకుపోయే మనిషికి ఇచ్చిన ఓదార్పు అది. మూడు వారాలు టైం ఉన్నవాడికి చదవడం మానేయమని ఇచ్చిన అనుమతి కాదు.

పేతురు సంగతికొస్తే, ఆయన ఆ రోజు యోవేలు 2 చెప్పాడు, కీర్తన 16 చెప్పాడు, కీర్తన 110 చెప్పాడు. కాగితం లేకపోవచ్చు, లేఖనం మాత్రం లోపల నిండా ఉంది. ఆత్మ దాన్ని బయటికి తీశాడు.

ఇది నేను వాదన కోసం చెప్పడం లేదు, నా తప్పు వల్ల నేర్చుకున్నాను. ఒకసారి ఏమీ సిద్ధపడకుండా ఫిలిప్పీ 4:13 మీద మాట్లాడాను. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను". పరీక్షలు, ఉద్యోగాలు, అన్నీ గెలుస్తారని గట్టిగా చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. అయిపోయాక ఒక అబ్బాయి వచ్చి, "నేను మూడుసార్లు ఫెయిలయ్యాను, అంటే ప్రభువు నన్ను బలపరచలేదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి పై వచనాలు చదివాను. పౌలు బంధకాల్లో ఉండి రాస్తున్నాడు. ఆకలిలోనైనా సమృద్ధిలోనైనా సంతృప్తిగా ఉండడం నేర్చుకున్నానంటున్నాడు. ఫెయిలైన ఆ అబ్బాయికి కావలసిన మాట సరిగ్గా అక్కడే ఉంది. ఒక్క పేజీ ముందే చదివి ఉంటే నా నోట అది వచ్చేది. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ప్రార్థనా యోధుడు:
సందర్భం గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను బ్రదర్. చదవొద్దని నేననలేదు. కాగితానికి బానిస కావొద్దంటున్నాను. పంతొమ్మిదో శతాబ్దంలో లండన్‌లో పేరుమోసిన ప్రసంగీకుడు స్పర్జన్, అంతటివాడు ఒక చిన్న కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని వెళ్లేవాడు. మనం చదివే ఆయన ప్రసంగాలు, ఆయన చెబుతుండగా వేరేవాళ్లు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నవి, తర్వాత ఆయన దిద్దినవి.

వాక్య విద్యార్థి:
నిజమే. మరి అమెరికా ప్రసంగీకుడు జోనాథన్ ఎడ్వర్డ్స్ 1741లో అక్కడి ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్లో చేసిన ప్రసంగం పూర్తిగా రాసుకున్నదే కదా. వింటున్నవాళ్ల ఏడుపులకు ఆయన మధ్యలో ఆగాల్సి వచ్చింది. ఆత్మ శనివారం రాత్రి బల్ల దగ్గర కూడా పనిచేస్తాడన్నా.

సండేస్కూల్ టీచర్:
ఇద్దరూ కాగితం గురించే మాట్లాడుతున్నారు. ఆ తమ్ముడి నాలుగు పేజీల్లో ఏముందో ఎవరూ అడగలేదు. తమ్ముడూ, నీ ప్రసంగం మొత్తం ఒక్క వాక్యంలో చెప్పు.

కొత్త ప్రసంగీకుడు:
"యేసు మన జీవితంలో తుఫానులన్నిటినీ ఆపుతాడు." ఇదే అక్కా.

సండేస్కూల్ టీచర్:
పేజీలు పక్కన పెట్టి ఆ ఏడు వచనాలే పదిసార్లు పైకి చదువు. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు నేను గమనించినవి రెండు. 35వ వచనంలో "అద్దరికి పోవుదము", అంటే అవతలి ఒడ్డుకు వెళ్దాం అన్నది యేసే. మాట విని పడవెక్కినందుకే వాళ్లు తుఫానులో పడ్డారు. రెండోది 41వ వచనం. గాలి ఆగిపోయాక వాళ్ల భయం తగ్గాలి కదా? అక్కడ మిక్కిలి భయపడ్డారని ఉంది. నీళ్లను చూసి భయపడినవాళ్లు ఇప్పుడు పడవలో తమ పక్కనున్నది ఎవరో తెలిసి వణుకుతున్నారు. నీ వాక్యంలో ఈ రెండూ ఎక్కడున్నాయి?

తర్వాత అంతా రాయి. బాగా రాయి. రాస్తేనే ఎక్కడ తడబడుతున్నావో తెలుస్తుంది. గదిలో నిలబడి రెండుసార్లు పైకి చెప్పు, గడియారం చూసుకో. వాక్యభాగంతో సంబంధం లేని కథ ఏదైనా ఉంటే, ఎంత బాగున్నా తీసెయ్. చివరికి అరచేతిలో పట్టే కాగితం మీద ముఖ్యమైన మాటలు మాత్రం దించుకుని బైబిల్లో పెట్టుకో. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు కంఠతా రావాలి. కొత్తవాళ్లు తడబడేది అక్కడే.

ప్రార్థనా యోధుడు:
అమ్మా, 41వ వచనం నేను చాలాసార్లు ప్రసంగించాను. భయం పెరిగిందన్న సంగతి మాత్రం ఇవాళే చూశాను.

కొత్త ప్రసంగీకుడు:
నిన్న రాత్రి పదిసార్లు చదివాను. నాలుగు పేజీల్లో రెండున్నర కొట్టేశాను. ఇప్పుడు నా వాక్యం ఇది: "వెళ్దాం రమ్మన్నవాడే పడవలో ఉన్నాడు, ఆయన తుఫాను కంటే గొప్పవాడు." రేపు ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి, కూటం రోజు దాకా నాతో కలిసి ప్రార్థించమని అడుగుతాను. ఆయన ఎదుట ఒకసారి చెప్పి చూపిస్తాను కూడా.

సండేస్కూల్ టీచర్:
వెళ్లు తమ్ముడూ. ఇరవై ఐదు నిమిషాలు దాటితే ఆపమని ఆయనకు ముందే చెప్పు.