విదేశీ అతిథులను మన గిగ్ పడవల్లో ఎలా కూర్చోబెట్టాలి?

ప్రశ్న:
మా క్లబ్బులో కార్నిష్ పైలట్ గిగ్‌లు, అంటే ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తరహా సముద్రపు తెడ్డు పడవలు, నడుపుతాము. వచ్చే నెలలో విదేశం నుంచి ఆరుగురు రోవర్లు మూడు రోజుల కోసం వస్తున్నారు. అందరూ నదిలో, కదిలే పీటల పడవల్లో ఆరితేరినవారే గాని సముద్రంలో తెడ్డు వేసినవారు కారు. వారిని ఒకే పడవలో ఉంచి మొదటి రోజే మాతో పోటీ పెట్టాలని కొందరు సభ్యులు ఉత్సాహపడుతున్నారు. అది సబబేనా?

సమాధానం 1:
వద్దండీ. గిగ్ 32 అడుగుల పొడవు, 4 అడుగుల 10 అంగుళాల వెడల్పు గల చెక్క పడవ. అందులో ఆరుగురు తలా ఒక తెడ్డు వేస్తారు, పీటలు మాత్రం కదలవు. మోకాళ్లు ముడిచి చాచే అలవాటున్నవారు ఇక్కడ పాదాలు బిగించి, నడుము దగ్గర వంగి, ఒంటి బరువుతో వెనక్కి వాలుతూ లాగాలి. అది ఒక్క పూటలో వచ్చే విద్య కాదు. ముగ్గురు అతిథులను, ముగ్గురు మీవారిని కలిపి, లయ చూపే స్ట్రోక్ స్థానంలో మీ మనిషిని కూర్చోబెట్టండి. పీటల మీద మెత్తలు వేయడం మరవకండి.

తెడ్డు ఆనే రెండు కొయ్య గూటాల గురించి కూడా ముందే చెప్పండి. వాటిలో ఒకటి మెత్తటి చెక్కతో చేస్తారు. తెడ్డు నీటిలో చిక్కుకున్నప్పుడు పడవ అంచు చీలకుండా అదే విరిగిపోతుంది. ఈ సంగతి తెలియని ఒక అతిథి, గూటం విరగగానే పడవనే పాడుచేశానని ఎంతో నొచ్చుకోవడం నేను కళ్లారా చూశాను.

సమాధానం 2:
పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది చలినీరు. 15 డిగ్రీల కంటే చల్లని నీటిలో హఠాత్తుగా పడితే ఎంతటి ఈతగాడికైనా మొదటి ఒకటి రెండు నిమిషాలు ఊపిరి అదుపు తప్పుతుంది కనుక, లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటపడకండి. కాక్స్ (చుక్కాని పట్టి జట్టును నడిపించే మనిషి) ఇచ్చే ఆదేశాలను, ముఖ్యంగా ఆపమనే మాటను, ఒడ్డునే సాధన చేయించండి. భాష వేరైనప్పుడు గాలి హోరులో అర్థాలు వివరించడం కుదరదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మొదటి రోజు ఉదయం ఒడ్డున ఆదేశాలు, తరువాత ప్రశాంతమైన నీటిలో కలగలిపిన జట్లు అని సభ్యులను ఒప్పించాను. నేటి గిగ్‌లన్నిటికీ 1838లో విలియం పీటర్స్ కట్టిన ట్రెఫ్రీ అనే గిగ్ కొలతలే ప్రమాణమని పడవ పక్కన నిలబెట్టి చెప్పాలని కూడా అనుకుంటున్నాను. పోటీ మూడో రోజున, గాలి అనుకూలిస్తేనే, అదీ కలగలిపిన జట్లతోనే.