మెడకి వేసిన గట్టి కాలర్ వాసన వస్తోంది, ఇంట్లో ఎలా కడగాలి?

వేళచ్చేరి కోడలు:
మా అత్తయ్య గూడూరు నుంచి మా ఇంటికి వచ్చి బాత్రూమ్‌లో జారిపడ్డారు. మెడ ఎముకలో చిన్న ఫ్రాక్చర్, ఆపరేషన్ అక్కర్లేదు, కాలర్ మాత్రం పడుకున్నప్పుడు కూడా ఉండాలన్నారు. ముందొక ముక్క, వెనకొక ముక్క, రెండు పక్కలా వెల్క్రో, ముందు గొంతు దగ్గర పెద్ద రంధ్రం. ఈ చెన్నై ఉక్కలో ఫ్యాన్ కిందే కూర్చున్నా ఆవిడకి చెమట ఆగట్లేదు, దానికి తోడు తిన్నప్పుడల్లా చారు, మజ్జిగ గడ్డం కిందకి కారి అందులోకి పోతున్నాయి. వాసనకి ఆవిడే సిగ్గుపడి ఎవరైనా వస్తే గదిలోంచి బయటకి రావట్లేదు. ఆస్పత్రి కాగితంలో "శుభ్రంగా ఉంచండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మెషీన్‌లో వేయచ్చా? లోపల పౌడర్ చల్లచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

అడయార్ బాబాయ్:
మెషీన్‌లో వేసెయ్యమ్మా, ఏమీ కాదు. నా మెడనొప్పికి ఇచ్చిన పట్టీని బట్టలతో పాటే వేస్తుంటాను, ఎండలో పడేస్తే సాయంత్రానికి రెడీ.

ఫిజియో, తాంబరం:
బాబాయ్ గారూ, మీది మెత్తటి స్పాంజి పట్టీ, నొప్పికి ఇచ్చేది. ఈవిడ చెప్పేది ఫిలడెల్ఫియా కాలర్ లాగుంది, అది ఎముక కదలకుండా పట్టి ఉంచేది. మీ పట్టీని కూడా చేత్తో ఉతుక్కుంటేనే ఎక్కువ కాలం వస్తుంది, మెషీన్ తిప్పుడికి స్పాంజి ముక్కలవుతుంది.

కోడలు గారూ, కడగడం సంగతి తర్వాత, ముందు డాక్టర్‌ని ఒక్క మాట అడగండి, శుభ్రం చేయడానికి తీయచ్చా, తీస్తే ఎలా అని. కొందరికి అస్సలు తీయొద్దంటారు, అలాంటప్పుడు ఆస్పత్రిలోనే మార్పించుకోవాలి. తీయచ్చంటే, ఒక్కరే చేయకండి. అక్కడి నర్సు దగ్గర ఒకసారి చేసి చూపించమనండి. మామూలుగా చెప్పేది ఇది: దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టి, ఒకరు తలని రెండు చేతులా కదలకుండా పట్టుకుని ఉండాలి, రెండోవాళ్ళు ముందు ముక్క తీసి, తుడిచి, పెట్టేసి, ఆ తర్వాతే వెనక ముక్క సంగతి చూడాలి. ఆవిడ లేచి కూర్చుని, అటూ ఇటూ తిరిగి చూడకూడదు. తీసేముందు ఫోన్‌లో ఫొటో తీసుకుని, వెల్క్రో పట్టీ ఎక్కడిదాకా వచ్చిందో మార్కర్‌తో గీత పెట్టుకోండి, లేదంటే రోజుకో బిగువు అవుతుంది. ముందు ముక్క అంచులు వెనక ముక్క మీదకి రావాలి, గడ్డం దాని గుంటలో సరిగ్గా కూర్చోవాలి.

ఇక ఆ కాలర్‌ని చేసిన ఫోమ్ నీళ్ళు పీల్చే రకం కాదు, అందుకే కడగడం తేలిక. గోరువెచ్చని నీళ్ళు, నాలుగు చుక్కల బేబీ షాంపూ, మెత్తటి గుడ్డ, అంతే. తువాలుతో అద్దితే కాసేపట్లో ఆరిపోతుంది. బ్లీచింగ్, డెటాల్, స్పిరిట్ వద్దు. హెయిర్ డ్రయ్యర్, మిట్టమధ్యాహ్నం ఎండ కూడా వద్దు, వేడికి ఆకారం పోవచ్చు. పౌడర్ అసలే వద్దు, చెమటతో కలిసి ముద్దకట్టి చర్మాన్ని ఒరుస్తుంది. నూనె, క్రీమ్ కూడా అంతే.

నెల్లూరోళ్ళం పెరంబూర్‌లో:
మా నాన్నకి కూడా ఇదే కాలర్. కాలర్ ఎంత కడిగినా ఒకటే దురద, చివరికి తేలిందేమిటంటే తప్పంతా మా బోరు నీళ్ళది. ఉప్పు నీళ్ళలో సబ్బు బిళ్ళ పెడితే నురగ రాదు సరికదా, తెల్లటి జిడ్డు పొర పట్టి ఎంత కడిగినా పోదు, ఆ పొర చెమటకి తడిసి మండుతుంది. అప్పటినుంచి సబ్బు మానేసి షాంపూ వాడాం, ఆఖరి కడుగుడు మాత్రం తాగే క్యాన్ నీళ్ళతో. ఒక చెంబుడు చాలు, దానికి లెక్క చూసుకోకండి. వెల్క్రోలో జుట్టు, దూది పేరుకుంటే పట్టు తప్పుతుంది, పాత టూత్ బ్రష్‌తో గీకేయండి.

చారు సంగతికి, తినేటప్పుడు గడ్డం కింద పాత పంచె ముక్క పెట్టి, తిన్నాక తీసేస్తే సరి. గ్లాసెత్తి తాగడం కష్టమైతే స్ట్రా ఇవ్వండి.

వేళచ్చేరి కోడలు:
డాక్టర్‌కి ఫోన్ చేశా, పడుకోబెట్టి ఇద్దరు కలిసి రోజుకోసారి మార్చచ్చన్నారు, రేపు నర్సు చూపిస్తారట. అత్తయ్యకి చెవి వెనక, గడ్డం అంచున కాస్త ఎర్రగా ఉంది, దాన్ని ఏం చేయాలి? ఇంకో కాలర్ కొని మార్చి మార్చి వేయచ్చా?

ఫిజియో, తాంబరం:
ఆ ఎరుపు అరగంటలో తగ్గిపోతే పర్లేదు, తగ్గకపోయినా, చర్మం లేచినా, పొక్కు వచ్చినా నర్సుకి చూపించండి. గడ్డం, చెవుల వెనక, తల వెనక, కాలర్ బోన్, ఇవే ఒరుసుకునే చోట్లు, మార్చిన ప్రతిసారీ టార్చ్ వేసి చూడండి. జుట్టు కాలర్‌లో ఇరుక్కోకుండా పక్కకి జడ వేయండి. చేతులు తిమ్మిరెక్కినా, మింగడం కష్టమైనా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

ఇంకోటి కొనడం మంచిదే, కానీ అదే సైజు, అదే ఎత్తు అయి ఉండాలి, అందుకని షాపువాడిని కాకుండా డాక్టర్‌ని అడిగి కొనండి. ఇది ఈశాన్య రుతుపవనాల కాలం అయితే మరీ అవసరం, అప్పుడు ఇక్కడ దండెం మీద రుమాలు కూడా ఆరదు. లోపల వేసే గుడ్డ కూడా అడిగి వేయండి, మడత పడకుండా ఒకే పొర పలచటి నూలు గుడ్డ అయితేనే.

అడయార్ బాబాయ్:
సరే, నా పట్టీని కూడా ఇవాళ బకెట్లో వేశాను. పిండి ఆరేయాలా, పిండకుండానా?

నెల్లూరోళ్ళం పెరంబూర్‌లో:
మెలిపెట్టి పిండకండి బాబాయ్. తువాల్లో చుట్టి గట్టిగా నొక్కి, నీడలో గాలి తగిలే చోట పరిచేయండి. లోపలిదాకా ఆరేదాకా మెడకి పెట్టకండి, ముక్కిపోయిన వాసన పట్టిందంటే మళ్ళీ మొదటికే.