అర్ధరాత్రి ఇంట్లో దొంగ పడితే ఎంతవరకు కొట్టొచ్చు?

ప్రశ్న
రాత్రి 2 గంటలకు తలుపు గడియ విరగ్గొట్టి దొంగ లోపలికి వచ్చాడనుకోండి. ఇంటాయన గునపంతో కొడితే చచ్చిపోయాడు. హత్య కేసేనా? పారిపోతుంటే వెనక నుంచి కొట్టినా అదే లెక్కా?

జవాబు 1
రెండూ వేరండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంటుంది. ప్రాణం తీసినా నేరం కాని సందర్భాలు 38, 41లో ఉన్నాయి. చంపుతాడనో తీవ్రంగా గాయపరుస్తాడనో న్యాయమైన భయం, అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి వంటివి 38లో. దోపిడీ, పొద్దుగూకాక తెల్లారేలోపు గడియ విరగ్గొట్టి ఇంట్లో చొరబడటం, ఉంటున్న ఇంటికి నిప్పు పెట్టడం 41లో. మీరడిగిన మొదటిది ఇందులోకే వస్తుంది. అదే పట్టపగలు వట్టి దొంగతనమైతే చంపుతాడనో తీవ్రంగా గాయపరుస్తాడనో భయం కూడా ఉండి తీరాలి.

కానీ 37 మర్చిపోవద్దు. అవసరానికి మించి హాని చేసే హక్కు ఎవరికీ లేదు. మొదటి దెబ్బకు కూలిపోయినవాడి తల మీద మరో మూడు దెబ్బలు పడ్డాయంటే పోస్ట్‌మార్టం రిపోర్టే ఎదురు సాక్ష్యం చెబుతుంది.

జవాబు 2
పారిపోయేవాడి సంగతి: ప్రమాదం తొలగిందంటే చంపే హక్కూ అక్కడితో పోయింది. సొమ్ముతో పరిగెడుతుంటే వెంటపడి పట్టుకోవచ్చు, లాక్కోవచ్చు, అంతే. వీపున గునపం దిగితే సమర్థించుకోవడం చాలా కష్టం. ముందస్తు పథకం లేకుండా, సద్బుద్ధితోనే హద్దు దాటారని తేలితే, ఏది హత్యో చెప్పే సెక్షన్ 101లోని రెండో మినహాయింపు వల్ల హత్య కాకుండా పోతుంది. అయినా సెక్షన్ 105 కింద 5 నుంచి 10 ఏళ్లు, లేదా యావజ్జీవం పడొచ్చు.

ఆత్మరక్షణ అని చూపాల్సింది నిందితుడే. అయితే అనుమానానికి తావులేకుండా నిరూపించక్కర్లేదు, అలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే చాలు. అందుకే వెంటనే 112కి ఫోన్ చేయండి. విరిగిన గడియ, గునపం కదపొద్దు, కడగొద్దు. మీ ఒంటి మీద గాయాలుంటే అదే రోజు ఆసుపత్రిలో రాయించండి.

ప్రశ్న అడిగినవారు
మరి ప్రహరీ మీద కరెంటు తీగ పెడితే?

జవాబు 1
వద్దే వద్దు. మరుగుదొడ్డికి ఎవరూ రాకుండా దారిలో కరెంటు తీగ కడితే, అది తగిలి ఒకావిడ చనిపోయిన బిహార్ కేసులో 1963లోనే సుప్రీంకోర్టు ఆత్మరక్షణ వాదన కొట్టేసి శిక్ష ఖాయం చేసింది. ఆవిడ చొరబడింది నిజమే, అయినా సరే.