ఐరన్ మెయిడెన్ క్యాసెట్‌లో ఏ పాట ఎవరి గొంతు? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మా అన్నయ్య కాలేజీ రోజుల్లో వైజాగ్ నుంచి తెచ్చుకున్న ఐరన్ మెయిడెన్ (ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్) క్యాసెట్ ఒకటి ఇంట్లో ఉంది. ఎవరో హిట్ పాటలు ఏరి రికార్డు చేసినది. అట్ట మీద బాల్‌పెన్నుతో రాసిన పేర్లు అలుక్కుపోయాయి. రీలు నలిగిన చోట గొంతు సాగుతోంది. పెన్సిల్ పెట్టి తిప్పి తిప్పి ఇన్నాళ్లు కాపాడాను.

1980, 81 ఆల్బమ్‌లు పాల్ డియానో పాడాడు. 1982 ఆల్బమ్ నుంచి బ్రూస్ డికిన్సన్. 1994లో బ్లేజ్ బేలీ వచ్చాడు, 1999లో మళ్లీ బ్రూసే. డియానోది గరుకు గొంతు, బ్రూస్ పై స్థాయిలో ఎంతసేపైనా నిలుస్తాడు. అంతవరకు పోల్చగలను. తిప్పలంతా 'రన్నింగ్ ఫ్రీ' దగ్గరే. అది డియానో పాట కదా, మరి ఇందులో జనం కేకల మధ్య బ్రూస్ గొంతే వినిపిస్తోంది. 1985 లైవ్ ఆల్బమ్‌లోదేనా?

ఇంకొకటి. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి అన్నయ్య వస్తున్నాడు. ముగ్గురి గొంతులూ ఉన్న ఒరిజినల్ చేతిలో పెట్టాలని నా కోరిక. 2002లో వచ్చిన 'ఎడ్వర్డ్ ద గ్రేట్' అనే హిట్ పాటల సంకలనంలో డియానో లేడు, అది వద్దు. 1996 నాటి 'బెస్ట్ ఆఫ్ ద బీస్ట్' రెండు సీడీల సెట్‌లో ముగ్గురూ ఉన్నారు. అదే కావాలి. వైజాగ్‌లో గానీ, ఇక్కడ గానీ పాత సీడీలు అమ్మేవాళ్లు ఎవరైనా తెలుసా? సెకండ్‌హ్యాండ్‌దైతే ఏమేం చూసుకుని కొనాలి?