చీటీ రైతు చేతిలో ఉంది, ఎంట్రీ కసాండ్రాలో లేదు: 5 నిమిషాలకోసారి ఫ్లష్ కొడితే తీరే సమస్యేనా?

నాగావళి:
మాది పాల సేకరణ సాఫ్ట్‌వేర్. ఊళ్లలో కేంద్రం దగ్గర పాలు పోయగానే లీటర్లు, వెన్న శాతం మిషన్ నుంచి నేరుగా మా సర్వర్‌కి వస్తాయి. సర్వర్ "రాసుకున్నాను" అన్నాకే చీటీ ప్రింటవుతుంది. వెనకాల డేటాబేసు అపాచీ కసాండ్రా 4.0, మూడు నోడ్లు (సర్వర్ యంత్రాలు), ప్రతి ఎంట్రీకీ మూడు కాపీలు, రాయడం చదవడం రెండూ కోరమ్‌తోనే, అంటే మూడింటిలో కనీసం రెండు జవాబివ్వాలి.

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపే యూపీఎస్ చేతులెత్తేసింది, మూడు నోడ్లూ ఒక్కసారే ఆరిపోయాయి. లేచాక చూస్తే చివరి కొన్ని సెకన్ల ఎంట్రీలు లేవు. మర్నాడు ఒక రైతు చీటీ పట్టుకొచ్చారు: 6.5 లీటర్లు, వెన్న 5.8, సమయం 6:42. మా టేబుల్లో ఆ పూట ఆయన పేరు మీద ఏమీ లేదు.

ఆ వారమే మా లీడ్ గారు మూడు నోడ్ల మీదా 5 నిమిషాలకోసారి నోడ్‌టూల్ ఫ్లష్ (మెమరీలో ఉన్నదాన్ని డిస్కుకి దించే కమాండ్) దానంతటదే నడిచేలా క్రాన్ పెట్టించారు. మెమరీలో ఉన్నది ఎప్పటికప్పుడు డిస్కుకి దిగిపోతే ఇక పోయేదేముంది అంటారు. కిల్ మైనస్ 9 (ప్రోగ్రాంని ఉన్నపళంగా చంపే కమాండ్) కొట్టి పరీక్ష కూడా చేశారు, ఒక్క ఎంట్రీ పోలేదు. అయినా నాకు నమ్మకం కుదరట్లేదు. ఇది సరైన మందేనా?

డేటా_రైతు:
సరైనదే అంటాను. కొత్త ఎంట్రీలు చేరే మెమ్‌టేబుల్ ఉండేది ర్యామ్‌లో, కరెంటు పోతే పోతుంది. ఫ్లష్ అయితే ఎస్‌ఎస్‌టేబుల్ ఫైలుగా డిస్కు మీద కూర్చుంటుంది. పైగా నోడ్ మళ్లీ లేచేటప్పుడు కమిట్ లాగ్ రీప్లే (లాగ్‌లో రాసుకున్న ఎంట్రీలని మళ్లీ ఎక్కించుకోవడం) చిన్నదవుతుంది. మా దగ్గర ఒక నోడ్ రీప్లేలోనే పావుగంట కూర్చుంది, అంతసేపూ కస్టమర్ ఫోన్లో ఉన్నాడు. అప్పట్నించి అరగంటకోసారి ఫ్లష్ పెట్టుకున్నాం, ఏ ఇబ్బందీ రాలేదు.

కృష్ణాతీరం:
డేటా_రైతు గారూ, రీప్లే సంగతి ఒప్పుకుంటా. కానీ నాగావళి గారి చీటీకీ ఫ్లష్‌కీ సంబంధమే లేదు.

పాతకాలం కొట్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. బేరం జరగ్గానే వరసగా చిట్టాలో రాస్తారు, తీరిగ్గా పద్దులవారీగా ఆవర్జాకి ఎక్కిస్తారు. కసాండ్రాలో కమిట్ లాగ్ చిట్టా, ఎస్‌ఎస్‌టేబుల్ ఆవర్జా. మెమ్‌టేబుల్ గుమాస్తా బుర్రలో పద్దులవారీగా సర్దుకుంటున్న లెక్క. ఎంట్రీ రాగానే కమిట్ లాగ్ చివర చేరుతుంది, మెమ్‌టేబుల్లోనూ చేరుతుంది, అప్పుడు జవాబు వెళ్తుంది. మెమ్‌టేబుళ్లకిచ్చిన మెమరీ నిండితేనో, కమిట్ లాగ్ మొత్తం దాని హద్దు దాటితేనో (డిఫాల్ట్‌గా 8 జీబీ లేదా ఆ డిస్కులో పావు వంతు, ఏది తక్కువైతే అది), మనం చేత్తో కొడితేనో ఫ్లష్ జరుగుతుంది. లాగ్ 32 ఎంబీ సెగ్మెంట్లుగా (ముక్కలుగా) ఉంటుంది, ఒక సెగ్మెంట్‌లో ఉన్న ఎంట్రీలన్నీ ఎస్‌ఎస్‌టేబుళ్లకి ఎక్కాకే ఆ సెగ్మెంట్‌కి విముక్తి.

మరి చిల్లు ఎక్కడ? చిట్టాలో రాసిన సిరా ఆరడంలో. కమిట్ లాగ్‌కి రాసింది ముందు ఆపరేటింగ్ సిస్టం ర్యామ్‌లో ఉంచుకునే పేజ్ క్యాష్‌లోకి వెళ్తుంది. దాన్ని డిస్కుకి గట్టిగా దించేది ఎఫ్‌సింక్. కసాండ్రా డిఫాల్ట్ పద్ధతి పీరియాడిక్, 10 సెకన్లకోసారి ఎఫ్‌సింక్. జవాబు మాత్రం ఎఫ్‌సింక్ కోసం ఆగదు. మీ 6:42 ఎంట్రీ పడిపోయింది ఆ 10 సెకన్ల సందులో.

ఇప్పుడు మీ క్రాన్ లెక్క చూడండి. ఫ్లష్ అయిన 4 నిమిషాలకి కరెంటు పోయిందనుకుందాం. మెమ్‌టేబుల్లో ఉన్న 4 నిమిషాల డేటా పోతుంది. కమిట్ లాగ్ రీప్లేలో 3 నిమిషాల 50 సెకన్లది తిరిగొస్తుంది. పోయేది చివరి 10 సెకన్లదే. క్రాన్ లేకపోతే ఎంత పోతుంది? అదే 10 సెకన్లది!

లీడ్ గారి పరీక్ష గురించి కూడా. కిల్ మైనస్ 9 చంపేది కసాండ్రా నడిచే జావా ప్రాసెస్‌ని, ఆపరేటింగ్ సిస్టం కెర్నల్‌ని కాదు. పేజ్ క్యాష్ అలాగే ఉంటుంది, తర్వాత నిదానంగా డిస్కుకి దిగుతుంది. కరెంటు పోవడాన్ని పరీక్షించాలంటే ప్లగ్ పీకాల్సిందే.

ఇక ఖర్చు. మీకు రెండు పూటలా కలిపి 5 గంటల రద్దీ ఉందనుకుంటే గంటకి 12 చొప్పున టేబుల్‌కి రోజుకి 60 చిన్న ఎస్‌ఎస్‌టేబుళ్లు, అదీ ఒక్కో నోడ్‌లో. వాటిని కలపడానికి కంపాక్షన్ రోజంతా డిస్కుని తింటుంది. కలిసేలోపు ఒక రైతు నెల లెక్క తీయాలంటే అన్ని ఫైళ్లు తడమాలి.

సరళరేఖ:
వివరణ బాగుంది, కానీ 10 సెకన్లని నేరంలా చూడొద్దు. ఈ తరహా డేటాబేసులు భద్రత కోసం ఆధారపడేది ఒక్క డిస్కు మీద కాదు, కాపీల మీద. హెచ్‌బేస్ అనే ఇంకో డేటాబేసు కూడా డిఫాల్ట్‌గా తన లాగ్‌ని మూడు డేటానోడ్ల (ఫైళ్లు దాచే యంత్రాల) మెమరీకి చేర్చి జవాబిచ్చేస్తుంది, డిస్కు దాకా ఆగదు. మూడు యంత్రాలూ ఒకేసారి చావవన్నది పందెం. నాగావళి గారి తప్పు మూడింటినీ ఒకే యూపీఎస్‌కి కట్టడం. అమెజాన్ 2022 నవంబరులో తెరిచిన హైదరాబాద్ రీజియన్‌లోనే మూడు జోన్లున్నాయి (దేని కరెంటు దానిదే), తలా ఒకదాంట్లో పెట్టండి. సొంత గది అయితే వేర్వేరు యూపీఎస్‌లు పెట్టండి. ప్రతి రాతకీ ఎఫ్‌సింక్ కోసం ఆగడం అనవసరపు బరువు.

కృష్ణాతీరం:
ఇక్కడ మాత్రం గట్టిగా విభేదిస్తా. ఒక్క నోడ్ ఆరిపోయినా కోరమ్ మాట తప్పే దారి ఉంది.

నోడ్లు ఏ, బీ, సీ. ఎంట్రీ ఏ, బీ రాసుకున్నాయి. సీ ఆ క్షణంలో గార్బేజ్ కలెక్షన్‌లో (జావా మెమరీ శుభ్రం చేసుకునే విరామంలో) ఇరుక్కుని అందుకోలేదు. రెండు జవాబులొచ్చాయి కాబట్టి కోరమ్ అయింది, చీటీ ప్రింటయింది. 3 సెకన్ల తర్వాత ఏ కి కరెంటు పోయింది. అది లేచేసరికి ఆ ఎంట్రీ దాని లాగ్‌లో లేదు. ఇప్పుడు ఏ, సీ లని చదివితే కోరమ్ నిండుతుంది, ఎంట్రీ మాత్రం కనపడదు. బీ కలిస్తే కనపడుతుంది. ఒకసారి ఉన్నట్టు, ఒకసారి లేనట్టు!

అందుకోలేదు కాబట్టి సీ కోసం కోఆర్డినేటర్ (ఆ రాతని అందుకుని మిగతావాటికి పంచిన నోడ్) హింట్ దాస్తుంది, అంటే తర్వాత పంపడానికి ఆ ఎంట్రీ కాపీ. అది చేరితే సీ కోలుకుంటుంది. ఏ కోసం హింట్ ఎవరూ దాయరు, ఎందుకంటే అది "రాసుకున్నాను" అని చెప్పేసింది. రాసేవాళ్లూ చదివేవాళ్లూ కనీసం ఒక నోడ్ దగ్గర కలుస్తారన్న లెక్క, జవాబిచ్చిన నోడ్ మర్చిపోదన్న నమ్మకం మీద నిలబడింది. పీరియాడిక్‌లో ఆ నమ్మకం లేదు. అందుకే కరెంటు పోయి లేచిన నోడ్ మీద తప్పకుండా రిపేర్ (కాపీలని పోల్చి తేడాలు సరిచేసే పని) నడపాలి.

వెబ్‌సైట్ క్లిక్కులైతే నేను కూడా పీరియాడిక్‌లోనే ఉంచేవాణ్ణి. ఇది మనిషి చేతిలో కాగితం పెట్టిన డేటా.

డేటా_రైతు:
మరి పీరియాడిక్ బదులు బ్యాచ్ పద్ధతి (ఎఫ్‌సింక్ అయ్యాకే జవాబు) పెట్టమంటారా? హార్డ్‌డిస్కుల కాలంలో చూశాం, ప్రతి రాతా ఎఫ్‌సింక్ కోసం నిలబడి మొత్తం క్లస్టర్ పాకింది.

ఇంకోటి. నేను ఫ్లష్‌ని పూర్తిగా వదలను. ఎప్పుడో నాలుగు రాతలు పడే సెట్టింగ్స్ టేబుల్ ఒకటుంటుంది. దాని మెమ్‌టేబుల్ నిండదు, ఫ్లష్ కాదు. ఆ నాలుగు రాతలున్న పాత సెగ్మెంట్లు అలాగే పేరుకుంటాయి, రీప్లే పొడుగవుతుంది. దీనికేమంటారు?

కృష్ణాతీరం:
అది న్యాయమైన కారణం, కాదనను. దానికి క్రాన్ అక్కర్లేదు. ఆ ఒక్క టేబుల్‌కే మెమ్‌టేబుల్ ఫ్లష్ పీరియడ్ అని సెట్టింగ్ ఉంది, డిఫాల్ట్ 0, గంట పెట్టుకోండి. మీరు కావాలని రీస్టార్ట్ చేసేటప్పుడు నోడ్‌టూల్ డ్రెయిన్ కొడితే అన్నీ ఫ్లష్ చేసి, కొత్త రాతలు తీసుకోవడం ఆపేస్తుంది, రీప్లే దాదాపు ఉండదు. స్నాప్‌షాట్ (బ్యాకప్ కాపీ) కూడా ముందు తనే ఫ్లష్ చేసుకుంటుంది.

బ్యాచ్ భయం పాతది. 4.0లో గ్రూప్ అని మూడో పద్ధతి వచ్చింది. ఒక చిన్న కిటికీలో వచ్చిన రాతలన్నిటికీ కలిపి ఒకే ఎఫ్‌సింక్, అది అయ్యాకే అందరికీ జవాబు. కిటికీ 10 మిల్లీసెకన్లు పెట్టండి. ఒక్క జాగ్రత్త: ఎదురుచూసే ప్రతి రాతా ఒక థ్రెడ్‌ని పట్టుకుని ఉంటుంది. కాంకరెంట్ రైట్స్ (ఒకేసారి రాసే థ్రెడ్ల సంఖ్య) డిఫాల్ట్ 32 కాబట్టి కిటికీకి 32, సెకనుకి 100 కిటికీలు, అంటే నోడ్‌కి సెకనుకి 3,200 రాతల దగ్గర ఆగిపోతారు. ఆ సంఖ్య పెంచాలి.

కమిట్ లాగ్‌ని వేరే డిస్కు మీద పెట్టండి. అది కరెంటు పోయినా తన క్యాష్‌ని దించుకోగల కెపాసిటర్లున్న సర్వర్ ఎస్‌ఎస్‌డీ అవ్వాలి. ల్యాప్‌టాప్ రకం ఎస్‌ఎస్‌డీల మీద ఎఫ్‌సింక్ చాలా నెమ్మది.

సరళరేఖ:
కోరమ్ ఉదాహరణ ఒప్పుకుంటున్నా, ఆ కోణం నేను ఆలోచించలేదు. అయినా ఒకే యూపీఎస్ ఉన్నంతకాలం గ్రూప్ పెట్టినా అంతరాయం తప్పదు. ఎంట్రీలు పోవు సరే, కేంద్రం దగ్గర క్యూ మాత్రం ఆగిపోతుంది. మొదటి ఖర్చు అక్కడ పెట్టాలన్నది నా మాట.

నాగావళి:
మూడు పాత యంత్రాలతో టెస్ట్ క్లస్టర్ కట్టి, సేకరణ కేంద్రం లాగా ఎంట్రీలు పంపే స్క్రిప్ట్ రాసి, పవర్ స్ట్రిప్ ప్లగ్ పీకాం. జవాబొచ్చిన ప్రతి ఎంట్రీ నంబరూ వేరే ల్యాప్‌టాప్‌లో రాసుకున్నాం.

పీరియాడిక్, 5 నిమిషాల క్రాన్‌తో: ఐదుసార్లు పీకితే ఐదుసార్లూ చివరి ఎంట్రీలు మాయం. గ్రూప్, 10 మిల్లీసెకన్లు, క్రాన్ లేకుండా: ఐదుసార్లూ ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రతి నంబరూ టేబుల్లో ఉంది. ఆఖరిసారి ప్లగ్ లీడ్ గారే పీకారు. క్రాన్ ఆయనే తీసేశారు.

కాంకరెంట్ రైట్స్ 128కి పెంచాం. చీటీ ఆలస్యమైందని ఇంతవరకు ఏ కేంద్రం నుంచీ ఫోన్ రాలేదు. రెండో యూపీఎస్‌కి కొటేషన్ అడిగాం సరళరేఖ గారూ. ఆ రైతు 6.5 లీటర్లు చీటీ చూసి చేత్తో ఎక్కించాం. అదే పూట చీటీ పారేసుకున్నవాళ్లు ఎంతమందో మాకు తెలిసే దారి లేదు, అందుకని ఆ కేంద్రాల వాళ్ల చేతిరాత పుస్తకాలు తెప్పిస్తున్నాం.